కంభము చెఱువు

మన మార్కాపురమునకును గిద్దలూరునకును నడుమ కంభము గలదు. అచ్చటి చెఱువు పేరు విననివారు మనలో నరుదు. అది యెట్లు నిలిచియున్నదో యాలోచించినవారు కొలదిమందియే. నల్లమలలో బుట్టిన గుండ్లకమ్మ యచ్చట రెండు కొండల నడిమి యిఱుకైన సందున దూరి పాఱును. ఆ సందునకే సుమారు 57 అడుగుల యెత్తున కట్ట వేసిరి. కట్ట నిడివి స్వల్పము, నీరు విస్తారము. పెద్దల యుపాయమంతయు నిందే యున్నది. 1369వ సంవత్సరపు పోరుమామిళ్ల శాసనము మంచి చెఱువునకు వలయు పండ్రెండంగములను జెప్పుచు, కొండల నొరసికొని పోవు నదిని, వాని నడుమ మిక్కిలి పొడవుగాని గట్టి ఱాతికట్టను పేర్కొన్నది. కంభమున నీ రెండును గుదిరినవి.

దీనిని గట్టించినది గజపతుల యాడుబిడ్డ, కృష్ణదేవరాయల దేవేరి యగు వరదరాజమ్మ యని జనశ్రుతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించిరి. గౌరవము దక్కినను, నల్లమలపై వాన కురియని యేట చెఱువు నిండదు, పూడికయు జేరుచుండును. ఆయకట్టు రైతు మబ్బువంక జూచుచునే యుండును.

మార్కాపురపు చెన్నకేశవాలయమును, మన చేతికి బలక నిచ్చిన ఱాతిగనులును జూడదగినవే. కాని సెలవులలో నొక్కచోటికే పోగల బాలురు కట్టపై నడచి, తూముకడ నిలిచి, నీరెంత యున్నదో చూచి రండు.