హస్కీని తెచ్చుకునే ముందు

ఎద్దును కొనేటప్పుడు మా ఊళ్ళో పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, నాలుగడుగులు నడిపించి మరీ చూస్తారు. సైబీరియన్ హస్కీని కొనేవాళ్ళు మాత్రం చాలామంది అందమే చూస్తారు! 2011లో మొదలైన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లోని తోడేళ్ళను చూసి అమెరికాలో ఎందరో హస్కీలను కొన్నారు. సాకలేక శరణాలయాల్లో వదిలేశారు.

ఈశాన్య సైబీరియాలోని చుక్చీ ప్రజలు బండి లాగడానికి పెంచిన జాతి ఇది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి సుమారు 1,085 కిలోమీటర్ల మంచుదారిలో, అయిదున్నర రోజుల్లో డిఫ్తీరియా మందు చేర్చినవి ఇటువంటి కుక్కల జట్లే. అంతటి పరుగును గదిలో బంధిస్తే? తలుపు గీకుతుంది, గోతులు తవ్వుతుంది, గోడ దూకుతుంది. పనిలేని కోడె గుంజ పీకదూ! అది పొగరు కాదు, పుట్టుక.

కనుక శరణాలయానికి వెళ్తే ముందు దాన్ని నడిపించి చూడండి. ఎందుకు వదిలేశారో, పిల్లులతో, కోళ్ళతో ఎలా ఉంటుందో అడగండి. రెండు పొరల బొచ్చును గొరిగించకండి. ఎండ నుంచి కాపాడేదీ అదే.

మన నగరాల్లోనూ వదిలేసిన హస్కీలున్నాయి. మన ఎండలకు కొత్తది కొనడం అన్యాయమే. చల్లని గది, ఎత్తైన ప్రహరీ, రోజూ తెల్లవారుజామున పరుగు - ఈ మూడూ ఇవ్వగలిగితే, దిక్కులేని దాన్ని తెచ్చుకోండి. ఇవ్వలేకపోతే, మన వీధికుక్కపిల్ల ఉండనే ఉంది!