సెలవు నెల రోజులే... ఇంటికెళ్లాలంటే లెక్కలెన్నో!

అమెరికా విద్యాసంస్థల్లో 2024-25లో 3,63,019 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని ‘ఓపెన్ డోర్స్’ నివేదిక చెప్పింది. చదువు ముగించి ఓపీటీ (చదువు తర్వాతి ఉద్యోగ శిక్షణ అనుమతి) మీద పనిచేస్తున్నవారూ ఈ లెక్కలోనే ఉన్నారు. మరే దేశం నుంచీ ఇంతమంది లేరు. వీళ్లలో తెలుగు పిల్లలున్న ఇళ్లలో నవంబరు వచ్చిందంటే ఫోన్లో ఒకటే ప్రశ్న: ‘సంక్రాంతికి వస్తున్నావా?’ జవాబు చెప్పడానికి చాలామంది ముందుగా టికెట్టు ధర చూస్తారు. నిజానికి చూడాల్సింది తేదీలు. సెమిస్టరు తేదీ, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద సంతకం తేదీ, వీసా గడువు తేదీ... ఈ మూడూ కుదిరితేనే టికెట్టు చవకో ఖరీదో ఆలోచించాలి.

పండగలకు కుదరని క్యాలెండరు

అమెరికాలో ఫాల్ సెమిస్టరు ఆగస్టు రెండో సగంలో మొదలై డిసెంబరు మధ్యలో ముగుస్తుంది. స్ప్రింగ్ సెమిస్టరు జనవరి మధ్య నుంచి మే తొలి వారాల వరకు. అంటే దసరా, దీపావళి మిడ్‌టర్మ్ పరీక్షల మధ్యలో వస్తాయి. ఉగాదికీ తరగతులే. స్ప్రింగ్ బ్రేక్ ఉంటుంది గానీ అది వారమే. నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్‌కు చాలాచోట్ల దొరికేది నాలుగైదు రోజులు. ఇంటికి వెళ్లిరావడానికి పనికొచ్చేవి రెండే: డిసెంబరు-జనవరి సెలవు, వేసవి సెలవు. వేసవి పెద్దదే కానీ ఎంఎస్ విద్యార్థులు దాన్ని ఇంటర్న్‌షిప్‌కు దాచుకుంటారు. ఇక మిగిలింది చలికాలం.

అక్కడా సంక్రాంతి చేతికి అందినట్టే అంది జారిపోతుంది. పండగ జనవరి 14 లేదా 15. మార్టిన్ లూథర్ కింగ్ సెలవు జనవరి మూడో సోమవారం, అంటే 15 నుంచి 21 మధ్య ఎప్పుడైనా రావచ్చు. కొన్ని యూనివర్సిటీలు ఆ సెలవుకు వారం ముందే తరగతులు మొదలుపెడతాయి, కొన్ని ఆ మర్నాడు. మొదటి రకం వారికి పండగ లేనట్టే. రెండో రకం వారు భోగి మంట చూసి, అరిసెలు తిని బయల్దేరవచ్చు. కనుమ నాడు కాకైనా కదలదంటారు గానీ, వీళ్లు మాత్రం శంషాబాద్ దారి పట్టాల్సిందే.

పోవడానికి 32 గంటలు, రావడానికి 11

ఒక ఉదాహరణ చూద్దాం. న్యూజెర్సీలో ఉన్న విద్యార్థి శనివారం సాయంత్రం 6 గంటలకు విమానం ఎక్కాడు. మధ్యలో ఒకచోట మారి, మొత్తం 22 గంటల ప్రయాణం అనుకుందాం. దిగేసరికి న్యూజెర్సీ గడియారంలో ఆదివారం సాయంత్రం 4 గంటలు. చలికాలంలో అమెరికా తూర్పు తీరం కన్నా మనం పదిన్నర గంటలు ముందుంటాం కాబట్టి, హైదరాబాద్‌లో సోమవారం తెల్లవారుజామున 2.30. గడియారం ప్రకారం 32 గంటల 30 నిమిషాలు పోయాయి. తిరుగు ప్రయాణంలో ఆ పదిన్నర గంటలూ వెనక్కి వస్తాయి. సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరితే అదే రోజు మధ్యాహ్నం 3.30కి అక్కడ దిగుతాడు. గడియారంలో 11 గంటల 30 నిమిషాలే.

అందుకే 30 రోజుల సెలవు ఉందంటే ఇంట్లో గడిపేది 30 రోజులు కాదు. రానూపోనూ మూడు రోజులు, నిద్ర వేళలు సర్దుకోవడానికి రెండు మూడు రోజులు తీసేస్తే మిగిలేది 24 లేదా 25. అందులో బంధువుల ఇళ్లు, ఒక పెళ్లి, పళ్ల డాక్టరు, బ్యాంకు పని.

టికెట్టులో కనిపించని ఖర్చు

సెమిస్టరు నడిచేటప్పుడు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అది మారలేదు. చాలా రాష్ట్రాల్లో అంతకన్నా ఎక్కువే ఇస్తారు గానీ, ఫెడరల్ లెక్క ప్రకారమైతే వారానికి 145 డాలర్లు. రానూపోనూ టికెట్టు 1,500 డాలర్లు అనుకుంటే, అది పది వారాల పైచిలుకు సంపాదన. పన్ను, తిండి, అద్దె ఏవీ తీయకుండానే.

ఇంకో లెక్క ఉంది. సెలవుల్లో క్యాంపస్‌లో పూర్తి సమయం పనిచేయవచ్చు. వారానికి 40 గంటల చొప్పున నాలుగు వారాలకు అదే రేటున 1,160 డాలర్లు. ఇంటికెళ్తే అదీ పోయినట్టే. క్రిస్మస్‌కు డైనింగ్ హాళ్లు, లైబ్రరీలు మూతపడే చోట ఆ పని దొరకదు కాబట్టి, వదులుకునేది ఎంతో ముందే కనుక్కోవడం మంచిది.

మూడు కాగితాలు, మూడు గడువులు

వీసా అనేది గేటు దగ్గర చూపే పాసు. లోపల ఉండటానికి హక్కునిచ్చేది ఐ-94 (దేశంలోకి ప్రవేశించిన నమోదు), చెల్లుబాటయ్యే ఐ-20. అందుకే పాస్‌పోర్టులో వీసా గడువు తీరినా చదువు ఆగదు. బయటికెళ్లి మళ్లీ రావాలన్నప్పుడే చిక్కు.

ఐ-20 రెండో పేజీలో ప్రయాణానికి సంబంధించిన చిన్న గడి ఉంటుంది. అక్కడ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అధికారి సంతకం ఉండాలి. పిల్లలు దీన్నే ‘ట్రావెల్ సిగ్నేచర్’ అంటారు. చదువుతున్నవారికి ఇది 12 నెలలు చెల్లుతుంది. ఓపీటీలో ఉన్నవారికి 6 నెలలే. తిరిగి అడుగుపెట్టే రోజుకు ఆ గడువు మిగిలి ఉండాలి, బయల్దేరే రోజుకు కాదు. డిసెంబరు రెండో వారంలో ఆ కార్యాలయం ముందు వరుస కట్టేది ఈ సంతకం కోసమే.

మూడోది అయిదు నెలల నియమం. చదువులో భాగంగా కాకుండా అయిదు నెలలకు మించి అమెరికా బయట ఉంటే ఎఫ్-1 హోదా పోతుంది. నెల సెలవుకు ఇది అడ్డు కాదు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేక సెమిస్టరు వదిలి వచ్చేవారు మాత్రం దీన్ని మరవకూడదు.

స్టాంపింగ్ పడితే లెక్క మారుతుంది

భారతీయులకు ఎఫ్-1 వీసా సాధారణంగా అయిదేళ్ల వరకు ఇస్తారు. రెండేళ్ల ఎంఎస్ విద్యార్థికి మొదటి చలికాలంలో మళ్లీ స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం) అవసరం రాదు. పీహెచ్‌డీ వారికీ, బ్యాచిలర్స్ తర్వాత అక్కడే మాస్టర్స్‌లో చేరినవారికీ వస్తుంది.

ఒకప్పుడు చాలామందికి ఇంటర్వ్యూ లేకుండా ‘డ్రాప్‌బాక్స్’తో పనైపోయేది. 2025 సెప్టెంబరు 2 నుంచి విద్యార్థులకు ఆ వెసులుబాటు తీసేశారు. అదే నెల నుంచి, సొంత దేశంలో గానీ నివాసం ఉన్న దేశంలో గానీ దరఖాస్తు చేయాలన్నారు. దాంతో మెక్సికో వెళ్లి స్టాంపింగ్ చేయించుకునే దారీ మూసుకుపోయింది. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న షరతూ వచ్చింది. అంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో గానీ మరో నగరంలో గానీ స్లాట్ దొరకాలి, దరఖాస్తు రుసుము 185 డాలర్లు కట్టాలి, ఇంటర్వ్యూ తర్వాత పాస్‌పోర్టు చేతికి రావాలి. అదనపు పరిశీలనలో పడితే ఎన్ని రోజులో చెప్పేవారుండరు. స్లాట్ ఖాయం కాకముందే తిరుగు టికెట్టు కొంటే, తేదీ మార్పు రుసుము కూడా చేతిలో ఉంచుకోవాల్సిందే.

పెట్టెలో ఏం పడుతుంది?

ఎయిర్‌లైన్‌ను బట్టి మారినా, అమెరికా టికెట్టుకు 23 కిలోల పెట్టెలు రెండు ఇవ్వడం మామూలే. అంటే 46 కిలోలు. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు తీసుకెళ్లవచ్చు. చికెన్, మటన్ పచ్చళ్లు కుదరవు. పచ్చి కరివేపాకూ నిషేధమే. నిమ్మ, నారింజ తోటలను ఎండగొట్టే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది కాబట్టి కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరు. ఏది తీసుకెళ్లినా తిండి ఉందని చెప్పేయాలి.

అమ్మానాన్నలే అక్కడికి వెళ్తే?

పట్టా అందుకునే మే నెలకు అమ్మానాన్నల్ని పిలిపించుకోవడం ఇంకో దారి. వీసా దరఖాస్తు రుసుము ఒక్కొక్కరికి 185 చొప్పున ఇద్దరికి 370 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 31,450 రూపాయలు. టికెట్లూ ఒకటికి రెండు. కానీ భారతీయులకు సందర్శక వీసా సాధారణంగా పదేళ్లకు ఇస్తారు, వెళ్లినప్పుడు మామూలుగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. ఒకసారి పడిన ఖర్చు తమ్ముడి చదువు దాకా పనికొస్తుంది. స్లాట్ల కోసం మాత్రం నెలల ముందే మొదలుపెట్టాలి.

మరి ఎప్పుడు వెళ్లాలి? రెండేళ్ల కోర్సయితే మొదటి చలికాలమే అన్నిటికన్నా తేలిక. వీసా కొత్తది, సంతకం కొత్తది, ఉద్యోగ వేట ఇంకా ముదరలేదు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. పని దొరక్కముందు ఇండియాలో గడిపిన రోజులూ అందులోంచే పోతాయి. మొదటి ఏడు పిల్లలు ఇంటికి రావడం, చివర్లో పెద్దలు అక్కడికి వెళ్లడం... ఎక్కువ ఇళ్లకు తక్కువ చిక్కుతో గట్టెక్కే లెక్క ఇదే.