అతుకు పక్కన పగులు

మా ఇంట్లో నాగలి కర్రు విరిగితే ఊళ్ళో వెల్డింగు షాపుకి తీసుకెళ్తాం. అతకడం కాగానే తొందరకొద్దీ బకెట్లో నీళ్ళలో ముంచి ఇంటికి తెచ్చేస్తాం. నెల తిరక్కుండా మళ్ళీ విరుగుతుంది. విచిత్రమేమిటంటే, విరిగేది అతుకు మీద కాదు, అతుకు పక్కన. "అతుకు గట్టిదేరా, ఇనుమే మంచిది కాదు" అంటారు మా నాన్న. సముద్రంలో వేసే పైపులైన్ల గురించి చదివాక ఆ మాటలో సగమే నిజముందని తెలిసింది.

వెల్డింగు వేడికి అతుకు పక్కన ఉక్కు ఎర్రగా కాలుతుంది. అది గబగబా చల్లారితే గట్టిపడుతుంది. గట్టిపడడమంటే బలపడడమే కదా అనుకుంటాం. కానీ గట్టిదనం పెరిగిన కొద్దీ ఉక్కు సాగే గుణం తగ్గి పెళుసవుతుంది. పెళుసైన చోట చిన్న చీలిక ఉంటే చాలు, పగులు పరుగెత్తుతుంది.

సముద్రంలో లైను వేసేటప్పుడు సుమారు 12 మీటర్ల గొట్టాలను ఓడ మీద ఒకదానికొకటి అతుకుతూ నీళ్ళలోకి దింపుతారు. అంటే కిలోమీటరుకు 80కి పైగా అతుకులు. ప్రతి అతుకునూ మనకు వినపడని అతిధ్వని తరంగాలతో పరీక్షిస్తారు. లోపలి లోపం నుంచి తరంగం తిరిగి వచ్చే తీరును బట్టి అది ఎంత లోతుంది, ఎంత పొడవుందీ తెలుస్తుంది. లోపం కనపడగానే కోసి మళ్ళీ అతికితే సరిపోదా? అందుకు ఓడ ఆగాలి. పైగా రెండోసారి కాల్చిన చోట కొత్త లోపం పుట్టవచ్చు. లైను అడుగున పడ్డాక బయటపడితే బాగుచేయడం మరీ కష్టం. కాబట్టి ఏ లోపాన్ని ఉండనివ్వవచ్చు, దేన్ని ఉండనివ్వకూడదు అన్నదే అసలు ప్రశ్న.

దీనికి పునాది వేసినవాడు గ్రిఫిత్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. గాజు ఎందుకంత తేలిగ్గా పగులుతుందో 1920 ప్రాంతంలో ఆయన వివరించాడు. 1957లో అమెరికాలో ఇర్విన్ ఆ ఆలోచనను లోహాలకు పనికొచ్చే లెక్కగా మార్చాడు. ఆ లెక్కకు మూడు సంగతులు కావాలి: పగులు పొడవు, అక్కడ పనిచేసే ప్రతిబలం, పగులుకు ఎదురు నిలిచే ఉక్కు శక్తి. ప్రతిబలాన్ని పగులు పొడవు వర్గమూలంతో హెచ్చిస్తే పగులు మొన దగ్గరి తీవ్రత వస్తుంది. అది ఉక్కు శక్తిని మించితే పగులు ఆగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. వెడల్పాటి పలకలో ఈ పక్క నుంచి ఆ పక్కకు చీలిన పగులుంది. ప్రతిబలం 200 మెగాపాస్కళ్ళు. ఉక్కు శక్తి 100 అనుకుంటే పగులు సుమారు 16 సెంటీమీటర్ల దాకా ఉన్నా నిలుస్తుంది. అదే శక్తి 30కి పడిపోతే ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఓర్చుకోదు. శక్తి మూడోవంతు కంటే తగ్గితే, ఓర్చుకునే పగులు పదకొండో వంతుకు పడిపోయిందన్నమాట! నిజమైన పైపులో ఇంకా సవరణలుంటాయి. చల్లారినప్పుడు అతుకులో మిగిలిపోయే ప్రతిబలాన్ని కలపాలి. అలలు, పీడనం మారుతూ ఉండడం వల్ల పగులు ఏటేటా ఎంత పెరుగుతుందో కూడా చూడాలి. ఈ పద్ధతిని బ్రిటిషువారు 1980లో ఒక పుస్తకంగా వేశారు. దాని వారసురాలు బీఎస్ 7910.

ఇంత లెక్క ఉన్నా పొరపాటు జరగదా? కజకిస్తాన్‌లో, కాస్పియన్ సముద్రం కింద కషగాన్ అనే పెద్ద చమురు క్షేత్రముంది. అక్కడి గ్యాసులో విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడు 15 శాతం పైగా ఉంటుంది. 2013 సెప్టెంబరులో ఉత్పత్తి మొదలైంది. కొద్ది రోజులకే గ్యాసు లైను కారింది. బాగుచేసి మళ్ళీ తెరిస్తే అక్టోబరులో మళ్ళీ కారింది. కారణం సల్ఫైడు వల్ల వచ్చిన పగుళ్ళు. తేమతో కలిసిన ఆ వాయువు ఉక్కును తింటూ హైడ్రోజన్ పరమాణువులను పుట్టిస్తుంది. అవి జతకూడి బుడగలై పోకుండా సల్ఫైడు అడ్డుపడుతుంది. దాంతో అవి ఉక్కులోకి దూరి, అతుకు దగ్గర గట్టిపడిన చోట దాన్ని ఇంకా పెళుసు చేస్తాయి. అందుకే ఇలాంటి లైన్లలో అతుకు పక్క గట్టిదనం 250 వికర్స్ దాటకూడదని నియమం. చివరికి చమురు లైను, గ్యాసు లైను రెండూ కలిపి దాదాపు 200 కిలోమీటర్లు మార్చవలసి వచ్చింది. మళ్ళీ ఉత్పత్తి మొదలైంది 2016 అక్టోబరులో.

దీన్నిబట్టి నాకర్థమైనది ఒకటే. పగులు చిన్నదా పెద్దదా అని కొలబద్ద ఒక్కటే చెప్పలేదు. నిన్న చిన్నదైన పగులే, చుట్టూ ఉన్న వాయువు మారితే, నేడు పెద్దదవుతుంది. ప్రయోగశాలలో మామూలు గాలిలో కొలిచిన ఉక్కు శక్తిని నమ్ముకుంటే లాభం లేదు. లైనులో పారబోయే దానిలోనే పరీక్షించాలి. కాకినాడ దగ్గర గాడిమొగకు 2009 నుంచి సముద్రంలోంచి పైపుల్లో గ్యాసు వస్తున్నది. మన క్లాసులో కూర్చున్నవాళ్ళలో ఒకరిద్దరైనా రేపు అలాంటి అతుకు ముందు నిలబడి "ఇది ఉండవచ్చు" అనో "కోసెయ్యండి" అనో సంతకం పెట్టవలసి రావచ్చు. ఆ సంతకం కింద ఎంత లెక్క ఉండాలో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ఇక మా కర్రు సంగతి. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు నాన్నతో చెప్పాలి: ఇనుము మంచిదే నాన్నా, బకెట్లో ముంచకుండా దాన్ని నిదానంగా చల్లారనిద్దాం.