ఈ-మెయిలు మర్యాదలు - చిరునామాల రక్షణము

ఉత్తరము వ్రాయుట యొక విద్య. ఒకే యుత్తరమును పదుగురకు పంపుట మఱియొక విద్య. మొదటిదానిని మన పాఠశాలలలో చిరకాలమునుండి నేర్పుచున్నారు. తేదీ యెచట నుండవలెనో, సంబోధన మెట్లుండవలెనో, చేవ్రాలు ఎచట చేయవలెనో చిన్నతరగతి విద్యార్థియైనను చెప్పగలడు. రెండవ విద్యను మాత్రము నేర్పువారు అరుదు. కాని నేడు కళాశాలలో చేరుటకును, పరీక్షకు దరఖాస్తు పెట్టుటకును, ఉద్యోగము కోరుటకును ఈ-మెయిలు చిరునామా కావలసివచ్చుచున్నది. కావున దాని మర్యాదలను, అందలి యపాయములను విద్యార్థులును, వారి తల్లిదండ్రులును ఎఱిగియుండుట మంచిది.

ఒకరు పంపిన లేఖ ఒక్కమాఱుగా సభ్యులందఱికిని చేరునట్లు చేసిన యేర్పాటును మెయిలింగు లిస్టు అందురు. దూరదేశములందున్న తెలుగువారు దీనిచే గొప్ప ప్రయోజనమును పొందిరి. 1990 తరువాతి దశాబ్దమున 'తెలుసా', 'రచ్చబండ' మొదలగు పేర్లతో ఇట్టి జాబితాలు వెలసెను. అమెరికాయందును, ఇతరదేశములందును ఉన్నవారు వానిలో భాషను గూర్చియు, పద్యములను గూర్చియు చర్చించుకొనిరి. కంప్యూటరు తెరపై తెలుగులిపి సులభముగా కనబడని ఆ దినములలో, రైస్ విశ్వవిద్యాలయము పేర వెలసిన ఆర్.టి.ఎస్. పద్ధతి ననుసరించి ఆంగ్లాక్షరములతోనే తెలుగు వ్రాసికొనిరి. 'రచ్చబండ' అను పేరు ఎంతయు సార్థకము. ఊరి రచ్చబండపై ఎవరైనను కూర్చుండవచ్చును. కాని ఒకరు మాటలాడుచుండగా వేఱొకరు అఱచుటయు, సభలో సరకులు అమ్మజూచుటయు మర్యాద కాదు. ఈ-మెయిలు జాబితాకును ఇదియే నియమము.

ఈ నియమము తొలిసారి భంగమైన కథ తెలిసికొనదగినది. 1978 మే నెల 3వ తేదీన అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను కంప్యూటర్ల కంపెనీకి చెందిన గ్యారీ థ్యూర్క్ అను నతడు, తమ క్రొత్త యంత్రములను ప్రకటించుచు సుమారు 400 మందికి ఒక్కమాఱే లేఖ పంపించెను. ఈ చిరునామా లాతనికెట్లు దొరకెను? నేటి ఇంటర్నెట్టునకు పూర్వరూపమైన ఆర్పానెట్టునందలి సభ్యుల చిరునామాలతో ఒక పుస్తకము అచ్చువేయబడియుండెను. సభ్యులు పరస్పరము వ్రాసికొనుటకై ఇచ్చిన చిరునామాలు వ్యాపారప్రకటనకు ఉపయోగింపబడెను. పైగా జాబితా మిక్కిలి పొడవగుటచే, కొన్ని చిరునామాలు పైగడిలో పట్టక లేఖ నడిమికి జారి, చదివినవారి కందఱికిని కనబడెను. కోరని ప్రకటనలేఖలకు స్పామ్ అను పేరు తరువాత వచ్చెను. అది ఒక డబ్బామాంసపు పేరు. 1994 ఏప్రిలు నెలలో ఇద్దఱు అమెరికను న్యాయవాదులు, వలసవచ్చినవారి కిచ్చు గ్రీన్‌కార్డుల లాటరీని గూర్చి తమ ప్రకటనను వేలకొలది చర్చాకూటములలో ఒక్కమాఱే గ్రుమ్మరించినప్పుడు, ఈ పేరు లోకప్రసిద్ధమయ్యెను.

చిరునామాలు స్పామ్ పంపువారికి చిక్కు విధము సులభమైనది. ఈ-మెయిలు చిరునామా నడుమ 'ఎట్' అను గుర్తు ఉండును. 1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు దీనిని ప్రవేశపెట్టెను. ఇంటర్నెట్టునందలి పుటలను ఒకటి విడువక చదివి, ఈ గుర్తు కనబడినచోటనెల్ల ఆ చిరునామాను ఏఱికొను యంత్రవిధానములు కలవు. బెల్లమున్నచోటికి చీమలను పిలువనక్కఱలేదని మన అనకాపల్లి వారికి చెప్పవలెనా? 2002లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను వారు 250 క్రొత్త చిరునామాలను వేర్వేఱు స్థలములలో ఉంచి పరీక్షించిరి. వెబ్‌పుటలందుంచిన వానిలో నూటికి 86 చిరునామాలకు స్పామ్ వచ్చెను. సంభాషణశాలయందుంచిన యొక చిరునామాకు 8 నిమిషములలోనే వచ్చెను.

ప్రకటనలేఖ వచ్చినంతమాత్రమున వచ్చిన నష్టమేమి, తుడిచివేసిన సరిపోదా యని కొందఱందురు. చిరునామా యొక్కటియే దొరకినచో నష్టము స్వల్పమే. కాని ఒక పాఠశాలయొక్క జాబితా యంతయు దొరకినచో సంగతి వేఱు. అది మోసగానికి చిరునామాలనే కాక, ఎవరు ఎవరిని గౌరవింతురో, ఎవరి మాటను నమ్ముదురో కూడ తెలుపును. ప్రధానోపాధ్యాయుని పేరు పెట్టుకొని, "ఆపదలో నున్నాను, వెంటనే ఈ ఖాతాకు సొమ్ము పంపవలెను" అని అతడు పూర్వవిద్యార్థులకు వ్రాసినచో, గురుభక్తి గలవారే ముందుగా మోసపోవుదురు. పరీక్షరుసుము పేరిట వ్రాసినచో తల్లిదండ్రులు మోసపోవుదురు. కావున జాబితాలో మన చిరునామాను మనము కాపాడుకొన్న చాలదు. ఇరువదిమంది జాగ్రత్తపడినను, ఇరువదియొకటవవాని అజాగ్రత్తచే అందఱి చిరునామాలును వీధిపాలగును. పరులు నమ్మి యిచ్చిన చిరునామా మనయొద్ద దాచుకొన్న సొమ్మువంటిది. దానిని వేఱొకరి కిచ్చుటకు మనకు హక్కు లేదు.

ఈ క్రింది నియమములు అందఱును పాటింపదగినవి.

మొదటిది: ఒక లేఖకు ఒక విషయము. ఆ విషయమును శీర్షికలో స్పష్టముగా వ్రాయవలెను. ప్రత్యుత్తరమున, పాతలేఖలో కావలసిన వాక్యములను మాత్రము ఉంచి తక్కినవానిని తొలగింపవలెను.

రెండవది: ఒకరికి చెప్పవలసినదానిని అందఱికి పంపరాదు. ధన్యవాదములు, సొంతమాటలు వ్రాసినవానికే చేరవలెను. 2016 నవంబరు 14వ తేదీన ఇంగ్లండు ప్రభుత్వ వైద్యసంస్థలో ఒక పరీక్షాలేఖ పొరపాటున సుమారు 8,40,000 మంది యుద్యోగులకు పోయెను. "నా పేరు తొలగింపుడు" అని అనేకులు అందఱికిని ప్రత్యుత్తరము లిచ్చుటచే, ఆ లేఖావ్యవస్థయే స్తంభించెను. జాబితానుండి విరమింపగోరువాడు దాని నిర్వాహకునికి మాత్రమే వ్రాయవలెను.

మూడవది: పరస్పరము పరిచయము లేని పలువురకు వ్రాయునపుడు చిరునామాలను 'బీసీసీ' అను గడిలో నుంచవలెను. ఆ గడిలోనివారి చిరునామాలు ఒకరివి మఱియొకరికి కనబడవు. తల్లిదండ్రులకు తెలియజేయు లేఖలకు ఇదియే తగిన పద్ధతి.

నాలుగవది: "దీనిని పదిమందికి పంపిన శుభము కలుగును" అను లేఖలను అంతటితో ఆపవలెను. అవి చేతులు మాఱినకొలదిని వందలకొలది చిరునామాలను మూటగట్టుకొనిపోవును. ఒకరు నమ్మి వ్రాసిన యుత్తరమును వారి యనుమతి లేక వేఱొకరికి చూపరాదు.

అయిదవది: పాఠశాల సంచికలను అచ్చుతోపాటు వెబ్‌సైటునందును ఉంచు ఆచారము నేడు కలదు. అందు పూర్వవిద్యార్థుల పట్టికను ప్రకటించునపుడు పేరు, చదివిన సంవత్సరము, వృత్తి చాలును. లేఖలకు పాఠశాల కార్యాలయపు చిరునామాను ఇచ్చి, వచ్చినవానిని కార్యాలయమే అందజేయవచ్చును. వెలుపలి పనులకు ఒక చిరునామాను, ఆప్తులకు మఱియొక చిరునామాను ఉంచుకొనుట మేలు. 'ఎట్' గుర్తునకు బదులు ఆ మాటనే అక్షరములతో వ్రాసిన చిరునామాలకు స్పామ్ రాలేదని 2003లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో తేలినది. అయినను నేటి యంత్రము లట్టివానిని కూడ చదువగలవు గనుక, ఆ యుపాయమునే నమ్మి యుండరాదు.

ఆఱవది: ఎఱుగనివారి స్పామ్ లేఖకు కోపముతోనైనను బదులు వ్రాయరాదు. "ఇకపై పంపవద్దన్నచో ఇచట నొక్కుడు" అని అందున్నను నొక్కరాదు. ఈ చిరునామా వాడుకలో నున్నదని వారికి తెలియుటకు అదియే చాలును. దానిని స్పామ్ అని గుర్తించి విడువవలెను. జోడించిన పత్రములను తెఱవరాదు.

ఏడవది: సొమ్ము కోరు లేఖ ఎంత యాప్తుని పేరుతో వచ్చినను, ముందే తెలిసిన నంబరునకు ఫోను చేసి కనుగొనక పంపరాదు. రహస్యపదమును, ఓ.టి.పి.ని ఎవరికిని తెలుపరాదు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలదిని సొమ్ము చిక్కుట కష్టమగును.

ఒక పనికై తీసికొన్న వివరములను ఆ పనికే వాడవలెనను సూత్రము 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునందును కలదు. కాని చట్టము తప్పు జరిగిన పిమ్మట విచారించును. మర్యాద తప్పు జరుగకుండ ఆపును. విద్యార్థులారా! మీ యిండ్లలో పెద్దలకు ఈ-మెయిలు వచ్చినప్పుడు చదివి చెప్పువారు తఱచుగా మీరే. ఈ నియమములను వారికి ఓపికతో తెలియజెప్పుడు. "పంపుము" అను మీటను నొక్కుటకు ముందు ఒక్కక్షణ మాగి, ఈ లేఖ ఎవరెవరికి పోవుచున్నదో, ఎవరి చిరునామాలను వెంటగొనిపోవుచున్నదో పరికింపుడు.