కరుణామయుని సృష్టిలో ఆపదలెందుకు?

శంషాబాదు చేరువన ఈసీ నదిపై గల హిమాయత్ సాగర్ ఒక మహావిపత్తు దరిమిలా వెలసిన జలాశయం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి తానొక్కరే బయటపడ్డారు. దైవం కరుణామయుడూ సర్వశక్తిమంతుడూ అయితే ఇలా ఎందుకు జరగాలి?

మరణించినవారు పాపులనటం దీనికి జవాబు కాదు. దివ్య ఖుర్ఆన్ దృష్టిలో ఆపద పరీక్ష (ఇబ్తిలా) కూడా కావచ్చు. సజ్జనుడైన అయ్యూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) ఎంతో బాధననుభవించారు. నీట మునిగి మరణించిన విశ్వాసిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) షహీదులలో చేర్చారు. ఆపదల అంతరార్థమంతా మానవుని పరిమిత జ్ఞానానికి అందదు. మూసా ప్రవక్త (అలైహిస్సలాం) సైతం ఖిజర్ చేసిన పనుల మర్మాన్ని ముందుగా గ్రహించలేకపోయారు. లోకంలో దక్కని న్యాయం పరలోకంలో పూర్తవుతుందన్నదే విశ్వాసి ఆశ.

అయితే విధి అని చేతులు ముడుచుకు కూర్చోవటం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి, ఆపైన దైవంపై భారం వేయమన్నది ప్రవక్త బోధ. వరద తరువాత విశ్వేశ్వరయ్య సలహాలననుసరించి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అమ్జద్ 1961లో మరణించేవరకు దైవాన్నే ఆశ్రయించి రుబాయీలు వ్రాశారు. దుఃఖంలో సహనం, ముప్పును ఆపే ప్రయత్నం, ఈ రెండూ విశ్వాసంలోని భాగాలే.