లాగేది తీగ, జరిపేది ఎముక

తొమ్మిదో తరగతిలో పీడనం పాఠం నడుస్తోంది. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం అని బోర్డు మీద రాసి ఇటు తిరిగానో లేదో, మూడో బెంచీలో చెయ్యి లేచింది. ఆ పిల్లకు వారం కిందటే పళ్ళకు క్లిప్పులు వేశారు. అప్పట్నుంచీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది.

"సార్, పన్ను ఎముకల దిగి ఉంటది గదా. గోడకు కొట్టిన మేకుకు తీగ కట్టి పక్కకు గుంజితే మేకన్న ఊడాలె, గోడన్న పలగాలె. మరి నా పన్ను ఊడకుంట, దవడ పలగకుంట ఎట్ల జరుగుతది?"

నల్లగొండ జిల్లా బడుల్లో ఇరవై ఆరేళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. జవాబు నాకు తెలియదు. రేపు చెబుతానని తప్పించుకుని, సాయంత్రం మా ఊరి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా చెప్పి, స్టాకులో మిగిలిపోయిన తీగలు రెండు, తీగను పన్నుకు పట్టి ఉంచే బ్రాకెట్లు నాలుగు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. రేపన్నది మూడు వారాలైంది. ఈ వ్యాసం ఆ పొట్లం చలవే.

తప్పు మేకు పోలికలోనే ఉంది. పన్ను వేరుకూ దవడ ఎముకకూ నడుమ పావు మిల్లీమీటరంత సందు ఉంటుంది. దాని నిండా సన్నని నారలు. ఒక కొస వేరు మీది పొరలో, రెండో కొస ఎముకలో పాతుకుని పన్నును వేలాడదీసి పట్టుకుంటాయి. అంటే పన్ను గోడకు కొట్టిన మేకు కాదు, ఉట్టిలో పెట్టిన కుండ. మనం చెరుకుగడ కొరికినప్పుడు ఆ దెబ్బను ఓర్చుకునేది ఈ ఉట్టితాళ్ళే. రక్తనాళాలూ నరాలూ వాటి మధ్యనుంచే పోతాయి.

ఇప్పుడు తీగ పన్నును ఒక పక్కకు నెట్టిందనుకోండి. నెట్టిన వైపు నారలు నలుగుతాయి, రక్తం పారడం తగ్గుతుంది. వెనక వైపు నారలు సాగుతాయి. అక్కడి కణాలకు ఈ నలుగుడూ సాగుడే కబురు. కొద్ది రోజుల్లో నలిగిన వైపుకు ఎముకను కరిగించే కణాలు చేరతాయి, సాగిన వైపున ఎముకను పోసే కణాలు పనిలోకి దిగుతాయి. ముందు గోడ తవ్వుకుంటూ వెనక గోడ పెట్టుకుంటూ పోతే ఇల్లే జరిగినట్టు, పన్ను తన గుంతతో సహా నడుస్తుంది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. క్లిప్పులు ఏడాదిన్నర, రెండేళ్ళు ఎందుకుంచుకోవాలని అడిగే అమ్మానాన్నలకు జవాబు ఇక్కడే ఉంది. ఆ ఆలస్యం డాక్టరుది కాదు, లోపలి తాపీపనిది. స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెడ్ ఈ తవ్వకాన్నీ కట్టడాన్నీ కుక్క పళ్ళ మీద ప్రయోగం చేసి, సూక్ష్మదర్శినిలో చూసి, 1904–05లో ప్రచురించాడు.

మరి కాస్త గట్టిగా బిగిస్తే తొందరగా అయిపోదా? ఈ ప్రశ్న మా స్టాఫ్‌రూములోనే ఇద్దరు అడిగారు. అవదు సరికదా, ఆగిపోతుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే నారల మధ్య రక్తనాళాలు పూర్తిగా మూసుకుపోతాయి. అక్కడి కణజాలం చచ్చి గాజులా తయారవుతుంది. ఇక ఎముకను కరిగించే కణాలు ఎదురుగా వచ్చే దారి ఉండదు. వెనక నుంచి, ఎముక లోపలి మజ్జ వైపు నుంచి సొరంగం తవ్వుకుంటూ రావాలి. అందాకా పన్ను కదలదు, నొప్పి మాత్రం ఉంటుంది. 1932లో ష్వార్జ్ అనే పరిశోధకుడు దీనికో హద్దు చెప్పాడు: చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాములు. మన కేశనాళికల్లో రక్తపు ఒత్తిడి దాదాపు అంతే. ఆ పిల్ల చెయ్యెత్తినప్పుడు బోర్డు మీద ఉన్న సూత్రం ఇదే కదా అని ఇంట్లో కూర్చుని నవ్వుకున్నాను. ఒక్క పన్నును ఒరగనెట్టడానికి కావలసిన బలం, మొత్తం చూస్తే, ఒక కోడిగుడ్డు బరువంత. దాన్ని నెలల తరబడి వదలకుండా మోపడంలోనే ఉంది కష్టమంతా.

ఆ మేకు మాట పూర్తిగా వృథా పోలేదు. న్యూటన్ మూడో సూత్రం నోట్లో కూడా పనిచేస్తుంది. ముందు పన్నును వెనక్కి లాగాలంటే దవడపన్నును ఆధారం చేసుకోవాలి, అప్పుడు ఆ దవడపన్ను ముందుకు వస్తానంటుంది. అందుకని ఇప్పుడు కొందరికి దవడ ఎముకలోకి చిన్న టైటానియం స్క్రూ దించి, దాన్నుంచి లాగుతారు. లోహానికి ఉట్టి ఉండదు, కనుక అది దాదాపు కదలకుండా నిలుస్తుంది. పన్ను పోయినచోట ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ళకు ఆ ఒక్కటీ క్లిప్పులకు ఎన్నటికీ జరగదు. కారణం అదే.

ఇక యంత్రం సంగతి. 1728లో పారిస్‌లో పియర్ ఫోషార్ తన దంతవైద్య గ్రంథంలో వర్ణించింది చాలా సాదా సరుకు. గుర్రపు నాడా ఆకారంలో వంచిన లోహపు పట్టీ, దానికి చిల్లులు, పళ్ళను ఆ పట్టీకి కట్టే దారం. వంకర పన్ను మెల్లగా పట్టీ వైపు వస్తుంది. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళపాటు అందరూ తిప్పితిప్పి చేసింది ఇదే, దారం బదులు తీగ.

ఇందులో ఒక పెద్ద లోటుంది. తడి ఇసుకలో పాతిన కర్రను పైకొసన పట్టి నెట్టి చూడండి. పైకొస మీరు నెట్టిన వైపు పోతుంది, అడుగుకొస ఎదురు దిక్కుకు పోతుంది. పన్ను కూడా అంతే ఒరుగుతుంది. చిగురు పైన కనిపించే భాగానికే తీగ అందుతుంది, వేరు లోపల దాక్కుని ఉంటుంది. చూడటానికి వరస తీరినట్టే ఉన్నా పన్ను ఏటవాలుగా నిలబడుతుంది. కంటికి కనిపించని వేరును బయటి నుంచి తిప్పడం ఎలా?

ఎడ్వర్డ్ ఆంగిల్ (1855–1930) అనే అమెరికా డాక్టరు జీవితమంతా ఈ తగాదాతోనే గడిపాడు. 1900లో సెయింట్ లూయిస్‌లో పళ్ళ వరస సరిచేయడం నేర్పడానికే బడి పెట్టాడు. వరుసగా ఒక్కో పరికరం చేసి, తన పాతదాన్ని తానే కొట్టిపారేశాడు. మొదటిది లావుపాటి కమాను, పన్నును ఒరగదీయడమే దానికి తెలుసు. తర్వాతది పిన్ను, గొట్టం. ప్రతిసారీ పిన్నుల్ని ఊడదీసి కొత్తచోట అతికించాలి, కంసాలి పనితనం ఉన్నవాడికే సాధ్యం. మూడోది రిబ్బనులాంటి చదును తీగ. 1925లో, డెబ్బయ్యో ఏట, ఆ చదును తీగనే తొంభై డిగ్రీలు తిప్పి అంచు మీద నిలబెట్టి, పెదవి వైపు తెరుచుకునే గాడిలో దూర్చాడు. ఎడ్జ్‌వైజ్ బ్రాకెట్ అన్నారు దాన్ని. తన వ్యాసాలకు పెట్టుకున్న శీర్షిక 'సరికొత్తదీ, శ్రేష్ఠమైనదీ' అని. వినయం ఆయనకు పడని వస్తువు. కానీ ఆ మాట నిజమేనని నేనూ ఒప్పుకుంటాను.

నా పొట్లంలోని బ్రాకెట్ బియ్యపు గింజంత ఉంది. భూతద్దం పెట్టి చూస్తే నడుమ దీర్ఘచతురస్రపు గాడి. ఎత్తు 0.022 అంగుళాలు, లోతు 0.028 అంగుళాలు. ఆంగిల్ నాటి కొలతే. గుండ్రటి తీగ ఈ గాడిలో దొర్లుతుంది, దేన్నీ తిప్పలేదు. నలుపలకల తీగ అలా కాదు. దూర్చేముందు దాన్ని కొద్దిగా మెలిపెడితే, గాడిలో పడ్డాక ఆ మెలి విప్పుకోవాలని చూస్తుంది. గాడి గోడలు దాన్ని విప్పుకోనివ్వవు, కాబట్టి ఆ మెలితిప్పు మొత్తం పన్నుకు వెళ్ళి, లోపల వేరు ముందుకో వెనక్కో తిరుగుతుంది. పానా నట్టును పట్టినట్టు తీగ బ్రాకెట్‌ను పట్టిందన్నమాట, కాకపోతే ఇక్కడ పానా నట్టు లోపల ఉంది. పెద్దసైజు నమూనా చేద్దామని చెక్కలో గాడి చెక్కి ఇనుప స్కేలు దూర్చి మెలిపెట్టాను. చెక్క మొత్తం నా చేతిలోంచి తిరిగి పక్కనున్న టీ గ్లాసును పడేసింది. సిద్ధాంతం రుజువైంది.

ఇంత తెలివి ఉన్నవాడికి ఒక మూఢభక్తి కూడా ఉండేది. 'పళ్ళు పీకాలా డాక్టరుగారూ?' అని ఈనాటికీ అందరూ అడిగే ప్రశ్నకు ఆంగిల్ జవాబు 'పీకకూడదు, ఎవరికీ, ఎప్పుడూ' అని. ముప్ఫై రెండూ ఉంటేనే ముఖానికి పొందిక అని ఆయన నమ్మకం. అన్ని పళ్ళూ చక్కగా ఉన్న ఒక పుర్రెను ఆదర్శంగా పెట్టుకుని, దానికి 'ఓల్డ్ గ్లోరీ' అని పేరు కూడా పెట్టాడు. కాల్విన్ కేస్ అనే మరో డాక్టరు దీన్ని ఒప్పుకోలేదు. దవడ ఇరుకైనప్పుడు పళ్ళన్నీ ఉంచితే మూతి ముందుకొస్తుంది, కొందరికి పీకక తప్పదని ఆయన వాదన. 1911లో అమెరికా దంతవైద్యుల సభలో ఇద్దరి పక్షాలూ బాహాబాహీకి దిగాయి. ఆంగిల్ తరఫున ఆయన దగ్గర చదివిన మార్టిన్ డ్యూయీ వాదించాడు. గురువు మాటే అప్పటికి నెగ్గింది.

దాన్ని తిరగేసింది మళ్ళీ ఆంగిల్ శిష్యులే. అరిజోనాలో చార్లెస్ ట్వీడ్, పీకకుండా సరిచేసిన పళ్ళు చాలామందిలో తిరిగి వంకరపోవడం చూశాడు. తన చేత్తో చేసినవే. వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి, నాలుగు చిన్న దవడపళ్ళు తీసి, వైద్యం మొదటినుంచీ చేశాడు. 1940 నాటికి అలాంటి వంద కేసుల ముందూ వెనకా నమూనాలు జనం ముందు పెట్టాడు. ఆస్ట్రేలియాలో రేమండ్ బెగ్ ఆదివాసుల పాత పుర్రెలు చూశాడు. గట్టి తిండికి వాళ్ళ పళ్ళు పక్కల్లో కూడా అరిగి, వరసే పొట్టిదయ్యేది. మన మెత్తటి తిండికి అరుగుదల లేదు కాబట్టి చోటు మనమే చేసుకోవాలన్నాడు. అక్కడితో ఊరుకోకుండా గురువుగారి రిబ్బను బ్రాకెట్‌నే తలకిందులు చేసి, సన్నని గుండ్రటి తీగతో కొత్త పద్ధతి కట్టాడు. నాకు ట్వీడ్ ఎక్కువ నచ్చుతాడు. గురువును ఎదిరించడం కన్నా తన పని తప్పని ఒప్పుకోవడం కష్టం. ఈ రోజుల్లో డాక్టర్లు ఎక్స్‌రే తీసి, చోటు కొలిచి, కొందరికి పీకుతారు, కొందరికి పీకరు.

మిగతాది గబగబా చెప్పేస్తాను. మా అక్కల కాలం దాకా బ్రాకెట్ నిలవడానికి ప్రతి పన్నుకూ ఉంగరంలా రేకు తొడిగేవారు. 1955లో బ్యునోకోర్ అనే ఆయన పింగాణీ పొరను ఆమ్లంతో గరుకు చేస్తే అంటు నిలుస్తుందని కనిపెట్టాడు, తర్వాతి దశాబ్దంలో బ్రాకెట్‌ను నేరుగా అతికించడం మొదలైంది. మా జిల్లాలో దీనికొక మెలిక ఉంది. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ముదిరిన పళ్ళ మీద ఆ ఆమ్లం సరిగా పట్టదు, బ్రాకెట్లు ఊడుతుంటాయి. 1970ల్లో లారెన్స్ ఆండ్రూస్, వైద్యమే అక్కర్లేని 120 మంది చక్కటి పళ్ళ అచ్చులు కొలిచి, ఏ పన్ను ఎంత వాలాలో ఆ వాలును బ్రాకెట్‌లోనే పోశాడు. అంతకుముందు డాక్టరు ఆ వంపులన్నీ పట్టకారుతో తీగలోనే వంచేవాడు. నా నాలుగు బ్రాకెట్ల మూలన తలో రంగు చుక్క ఉంది, ఏది ఏ పన్నుదో తెలియడానికి.

తీగ సంగతి మాత్రం గబగబా వదలబుద్ధి కావడం లేదు. నికెల్, టైటానియం కలిపిన నిటినాల్ అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ చేతిలో పుట్టింది. ముడతలు మడిచిన రేకుకు ఒక సమావేశంలో ఎవరో లైటర్ చూపితే సాగి తిన్నగా అయిందట. 1971లో అయోవా విశ్వవిద్యాలయంలో జార్జ్ ఆండ్రియాసెన్ దాన్ని పళ్ళకు తెచ్చాడు. మొదట్లో వాడుకున్నది వేడికి పాత ఆకారానికి తిరిగొచ్చే ఈ జ్ఞాపకాన్ని కాదు, స్ప్రింగుతనాన్ని. వేడికి స్పందించే రకం తర్వాత వచ్చింది. అలాంటి తీగను క్లాసులో ఐసునీళ్ళలో ముంచి వేలికి చుట్టాను, మెత్తటి దారంలా చుట్టుకుని ఉండిపోయింది. వేడినీళ్ళ గ్లాసులో వేయగానే ఎగిరి దవడ వంపుకు వచ్చేసింది. పిల్లలు నాలుగుసార్లు చేయించారు. మూడో బెంచీ అమ్మాయి చున్నీ తీసి, నొప్పిగా ఉన్నప్పుడు చల్లటి నీళ్ళు పుక్కిలించమని డాక్టరు ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసిందంది.

కంటికి కనపడని ప్లాస్టిక్ తొడుగుల కథ 1997లో జియా చిష్తీ, కెల్సీ వర్త్ పెట్టిన కంపెనీతో మొదలైంది. ఒక్కో తొడుగు పన్నును జరిపేది పావు మిల్లీమీటరు దాకా. ఉట్టి సందు కూడా అంతే కదా.

వయసు గురించి చాలామంది అడుగుతారు. ఏడో ఏట ఒకసారి చూపించడం మంచిది, దవడ ఎదుగుదలకు సంబంధించిన కొన్ని లోపాలు ఎదిగే వయసులోనే దారికొస్తాయి. పెద్దవాళ్ళకు పై హద్దు లేదు. చిగుళ్ళు గట్టిగా ఉంటే యాభైలోనూ ఎముక ఇదే పని చేస్తుంది, కాస్త నెమ్మదిగా.

క్లిప్పులు తీసేశాక పళ్ళను కొత్తచోట నిలపడానికి ఇచ్చే రిటైనర్ పెట్టుకోవడం ఆ పిల్లకైనా యాభై ఏళ్ళవారికైనా తప్పదు. సాగిన చిగుళ్ళ నారలు కొత్తచోటికి అలవాటుపడటానికి ఏడాది దాకా పడుతుంది, అందాకా అవి పన్నును పాతచోటికి గుంజుతూనే ఉంటాయి. కాబట్టి అన్నం తినేటప్పుడు దాన్ని తీసి కాగితంలో చుట్టి పళ్ళెం పక్కన పెట్టకండి, ఎంగిలాకులతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. దానికి ఇచ్చిన డబ్బాలోనే పెట్టండి.