ఎగ్జిమా: తల్లి తిండిలో లేదు తప్పు

పిల్లల మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎర్రబడి దురద పెడుతోందని ఇండియాకు ఫోన్ చేస్తే వచ్చే మొదటి మాట ‘వేడి చేసింది’. రెండోది ‘కడుపుతో ఉన్నప్పుడు నువ్వే ఏదో పడనిది తిని ఉంటావు’. జన్యు పరిశోధన చెప్పే కారణం వేరు.

2006లో స్కాట్లాండ్‌లోని డండీ యూనివర్సిటీలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం, ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా ముప్పు బాగా పెరుగుతుందని చూపింది. ఫిలాగ్రిన్ చర్మం పైపొరను గట్టిగా ఉంచి, తేమను పట్టి ఉంచుతుంది. అది తగ్గితే ఇటుకల మధ్య సిమెంటు రాలిన గోడలా తేమ బయటకు పోతుంది, దుమ్ము లోపలికి చేరుతుంది. చలికాలంలో హీటర్ గాలి చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది.

ఈ లోపం ఉన్న అందరికీ ఎగ్జిమా రాదు. ఎగ్జిమా ఉన్న చాలామందిలో ఈ లోపమే ఉండదు. పైగా యూరప్ వారిలో తరచూ కనిపించే మార్పులు, ఆసియా వారిలో కనిపించేవి ఒకటి కావు. అందుకే యూరప్ వారి మార్పులనే వెతికే టెస్టులో ‘ఏమీ లేదు’ అని వచ్చినా, మన పిల్లలకు అది పూర్తి జవాబు కాదు.

టెస్టు కంటే ముందు చేయగలిగినవి ఉన్నాయి. అమ్మవైపు, నాన్నవైపు ఎవరికైనా ఉబ్బసం, అలర్జీలు, పొడి చర్మం ఉంటే డాక్టరుకు చెప్పండి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి, ఒళ్లు అద్దిన వెంటనే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. సున్నిపిండితో రుద్దకండి. డాక్టరును అడగకుండా పాలు, గుడ్లు మాన్పించకండి; ఎదిగే పిల్లలకు అవి కావాలి.